ఐదో పాదం కుర్చీలో ఉన్నవాడిది

వాచీల కొట్టాయన గడ్డం పెంచింది కత్తిగాటు కప్పుకోడానికేనని వీధిలో చెప్పుకుంటున్నారు కదా, అది శుద్ధ అబద్ధం. సెలూను బాబాయి చెయ్యి జారిందని, దవడ మీద వేలెడంత గాటు పడిందని, అప్పటినుంచి బావా బావమరుదులు మొహమొహాలు చూసుకోవడం మానేశారని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే కథ. కుట్టుమిషనావిడైతే రక్తం తుడిచిన తువ్వాలు తన కళ్లతో చూశానని కూడా చెప్పింది. ఆవిడ ఆ రోజు అసలు ఊళ్లోనే లేదు.

ఒక్క చుక్క రక్తం కూడా రాలలేదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి పిన్ని. సెలూను బాబాయి భార్య కాబట్టి వీధి వీధంతా ఆవిణ్ణి పిన్ని అంటుంది. వాచీల కొట్టాయన ఆవిడకి తోడబుట్టిన అన్నయ్య. ముందు గది సెలూను, వెనక గది ఇల్లు, మధ్యలో పూల తెర. ఆ తెర వెనక కూర్చుని పిన్ని వినని మాట ఈ వీధిలో పుట్టలేదు. వినపడకపోతే తెర పక్కకి జరిపి, "ఏమిటీ, ఇంకోసారి చెప్పు నాయనా" అని అడిగే రకం.

సెలూను ఎదురుగానే అన్నయ్య కొట్టు. రోడ్డుకి ఇటు ఒక గడప, అటు ఒక గడప, ఆవిడ ప్రపంచమంతా ఆ మధ్యలోనే. పిల్లలు లేరు. ఉన్నది వీళ్లిద్దరూ, అన్నయ్య కూతురూ. ఆ ఇద్దరు మగాళ్లూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. రోడ్డు మీద ఎవరైనా బావా అని కేకేస్తే రెండు కొట్లలోంచీ రెండు తలకాయలు బయటికొచ్చేవి.

బాబాయి చిన్నప్పుడు మాటలు తక్కువ మనిషి. పని నేర్పిన పెద్దాయన అతనికి ఊదిన బూర ఇచ్చి, దానికి సబ్బు నురగ పూసి, పగలకుండా గీయమనేవాడట. అలా ఎన్ని బూరలు పేలాయో లెక్క లేదు. బూర ఉలకదు పలకదు కాబట్టి ఫరవాలేదు. నిజం మనిషి గడ్డం దగ్గరికొచ్చేసరికే అసలు చిక్కు వచ్చింది. కుర్చీలో కూర్చున్నవాడు ఊరుకోడు. తల తిప్పుతాడు, దారిన పోయేవాణ్ణి పలకరిస్తాడు, కత్తి బుగ్గ మీద ఉండగానే రాజకీయం మొదలుపెడతాడు. వీళ్లని కదలకుండా కూర్చోబెట్టేదెలాగా అని కుర్రతనంలో బాబాయి తెగ మథనపడేవాడు.

దానికి మందు ఇంగ్లీషు మాస్టారి దగ్గర దొరికింది. రిటైరైన పెద్దమనిషి, బెంచీ మీద తన వంతు కోసం చూస్తూ ఒకరోజు ఒక తమాషా పద్యం చదివాడు. దీన్ని లిమరిక్ అంటారయ్యా, ఐదే ఐదు పాదాలు అన్నాడు. మొదటి రెండూ పొడుగు, చివర ఒకే ప్రాస. తర్వాత రెండూ పొట్టి, వాటికి వేరే ప్రాస. ఐదోది మళ్లీ పొడుగు, అది తిరిగొచ్చి మొదటివాటి ప్రాసలోనే పడాలి. మొదటి పాదంలో ఫలానా ఊళ్లో ఫలానావాడొకడు ఉండేవాడు అని మొదలుపెడతారు. ఆఖరికి వాణ్ణి నవ్వులపాలు చేసి వదులుతారు.

ఆ పేరేమిటండీ, మందుల సీసా పేరులా ఉందీ అని తెర వెనకనుంచి పిన్ని అడిగింది. అది ఐర్లాండులో ఒక ఊరి పేరమ్మా అన్నాడు మాస్టారు. పద్యానికి ఊరి పేరెందుకు వచ్చిందో ఎవరూ గట్టిగా చెప్పలేరట. పూర్వం నలుగురూ చేరి కూర్చున్నప్పుడు తలా ఒకటీ అప్పటికప్పుడు కట్టి పాడేవారనీ, ఒకరిది అయ్యాక ఇంకొకరు ఎత్తుకునేలోపల అందరూ కలిసి లిమరిక్కుకి వస్తావా అంటూ పల్లవి అందుకునేవారనీ, అలా ఆ పేరు అంటుకుందనీ కొందరు చెబుతారట. మొదట కట్టినవాడెవడో మాత్రం తెలీదట.

"ఎవడిదో తెలీదంటే మనం వాడుకోవచ్చు" అన్నాడు బాబాయి. ఆ రోజు అతని నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

వారం తిరక్కుండా సెలూనులో లిమరిక్కులు మొదలయ్యాయి. బాబాయికి అవి కత్తి నడకలా కనిపించాయి. కుడి బుగ్గ మీద ఒక పొడుగు గీత, ఎడమ బుగ్గ మీద ఒక పొడుగు గీత. మీసం దగ్గర రెండు పొట్టి గీతలు. ఆఖర్న గడ్డం కింద, గొంతు మీదుగా మళ్లీ పొడుగు గీత. గీతకో పాదం చొప్పున అతను కట్టుకుంటూ పోయేవాడు. తన గురించి ఏమంటాడోనని కుర్చీలో మనిషి చెవులు రిక్కించి బొమ్మలా కూర్చునేవాడు.

కానీ గొంతు మీద కత్తి ఉండగా నవ్వు వస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకని నాలుగు పాదాలు అనేసి బాబాయి నోరు మూసేవాడు. బెంచీ కూడా ఊపిరి బిగబట్టేది. గొంతు మీద కత్తి నెమ్మదిగా నడిచి, పైకి లేచాక, ఐదో పాదం కుర్చీలో ఉన్నవాడే చెప్పాలి. అదీ ఆ కొట్టు కట్టుబాటు. తన మీద ఆఖరి మాట తనే అనుకుంటాడు కాబట్టి ఎవడూ మొహం ముడుచుకుని ఇంటికెళ్లేవాడు కాదు. ఐదో పాదం పడగానే బెంచీ మీదివాళ్లంతా కలిసి "తర్వాతెవరు?" అని అరిచేవాళ్లు. వాళ్ల పల్లవి అదే.

పాలకొట్టాయన మీద కట్టింది వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సందు చివర పాలకొట్టు సారుకెంత గర్వం,
నీళ్లు చేరని పాలని చెప్పుకోడమే సర్వం;
వాన పడితే పొంగుతాడు,
ఎండ కాస్తే కుంగుతాడు,

అని బాబాయి ఆగాడు. గొంతు మీద కత్తి నడిచింది. కత్తి లేవగానే పాలకొట్టాయన తువ్వాలు సర్దుకుని, ఏమాత్రం తొణక్కుండా,

కుళాయి రాని రోజేనయ్యా కొట్టు మూసే పర్వం!

అన్నాడు. తెర వెనక పిన్ని నవ్వీ నవ్వీ పొయ్యి మీద కూర మాడ్చేసింది. మర్నాడు పాలు మాత్రం చిక్కగా వచ్చాయి.

పద్యం కట్టేవాళ్లలో కొందరు ఆఖరి మాట ముందే చేత పట్టుకుని, అక్కణ్ణుంచి వెనక్కి కట్టుకుంటూ వస్తారని మాస్టారు ఒకసారి అన్నాడు. ఆఖరి మాట మనది కాదు కదా మాస్టారూ, దాంతో మనకేం పని అని బాబాయి కొట్టిపారేశాడు. పిన్ని ఆ మాట విన్నది. విని మర్చిపోయింది.

అందరికంటే బాగా ఐదో పాదం అందించేది అన్నయ్యే. వారానికి రెండుసార్లు వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. మీసం మొలిచినప్పటినుంచీ ఆ దవడ మీద బావ కత్తి తప్ప ఇంకో కత్తి ఆడలేదు. బాబాయి ఎలాంటి ప్రాస ఇచ్చినా సరే, కత్తి లేచేసరికి ఐదోది సిద్ధం చేసుకుని ఉండేవాడు. ఒకసారి అతను చెప్పినదానికి బాబాయే నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టి, వెనక గదిలోకి వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లాడు.

అలాంటిది ఆ రోజు అలా జరిగింది. బెంచీ నిండా జనం. పాలకొట్టాయన ఉన్నాడు, మాస్టారు ఉన్నాడు, కొత్తగా వీధిలోకి వచ్చిన బ్యాంకు గుమాస్తా ఉన్నాడు. అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. బాబాయి నురగ పూసి మొదలెట్టాడు.

వాచీ కొట్టు బావగారు వేళకెప్పుడూ సిద్ధం,
నిమిషం ముల్లు నిలిచిందంటే దానితోనే యుద్ధం;
పట్టకారు పడతాడు,
పళ్లు కొరికి తిడతాడు,

గొంతు మీద కత్తి నడిచింది. లేచింది. అన్నయ్య ఐదోది చెప్పడానికి నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు బాబాయే అనేశాడు.

తిరగేసి పట్టినా సరే బాగుందంటాడు అద్దం!

బెంచీ నవ్వింది. అలవాటు కొద్దీ "తర్వాతెవరు?" అని కూడా అరిచింది. కానీ ఆ కేక సగంలోనే నీరుగారిపోయింది. అన్నయ్య నవ్వలేదు. తువ్వాలు తీసి కుర్చీ చేతి మీద వేశాడు. చెవి కింద నురగ కూడా తుడుచుకోలేదు. లేచి, రోడ్డు దాటి, తన కొట్లోకి వెళ్లిపోయాడు.

ఆ పాదం లోతు బెంచీకి అప్పుడు అందలేదు. పిన్నికీ అందలేదు. మధ్యాహ్నం సెలూను తలుపులు మూశాక ఆవిడ మొగుణ్ణి నిలదీసింది. అప్పుడు చెప్పాడు. క్షవరం అయ్యాక వెనక జుట్టు చూపించడానికి చేతి అద్దం పడతాడు కదా, కొన్నాళ్ల కింద ఒకసారి పరధ్యానంలో దాన్ని తిరగేసి పట్టాడట. వెనక వైపు నల్ల అట్ట. అన్నయ్య తల ఇటూ అటూ తిప్పి చూసుకుని, బాగుంది బావా అన్నాడట. ఎగతాళికన్నాడేమో అనుకుని, ఆ తర్వాత ఇంకోసారి కావాలనే తిరగేసి పట్టాడట. మళ్లీ బాగుందన్నాడట.

వెంట్రుకంత స్ప్రింగులు, ఆవగింజంత మరలు పట్టుకునే మనిషికి నల్ల అట్ట కనబడకపోతే ఇంక ఆ కొట్లో ఏం చేస్తున్నట్టు? అప్పుడు పిన్నికి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఈమధ్య అన్నయ్య గోడ గడియారాలు తప్ప చేతి వాచీలు తీసుకోకపోవడం, టీ గ్లాసు కోసం బల్ల మీద చేత్తో తడుముకోవడం, దారిలో తను చెయ్యూపితే చూడనట్టు వెళ్లిపోవడం.

"తెలిసినవారు నోరు మూసుకు కూర్చోక, అంతమందిలో ఎందుకన్నారండీ?" అని అడిగింది.

"ప్రాస లాక్కుపోయిందే" అన్నాడు బాబాయి. సిద్ధం, యుద్ధం అన్నాక నోట్లోకి అద్దమే వచ్చిందట. ఒత్తు తేడా ఉన్నా చెవికి ఒకటే కదా అన్నాడు. అని వెళ్లి కత్తులు నూరుకుంటూ కూర్చున్నాడు. అప్పటికే నూరి పెట్టిన కత్తులవి.

పిన్ని నమ్మింది. నమ్మి, ఆ మాటే చేత పట్టుకుని రోడ్డు దాటింది. అన్నయ్యా, ఆయన కావాలని అనలేదు, ప్రాస కోసం నోరు జారారు, నువ్వే పెద్దమనసు చేసుకోవాలి అని చెప్పింది. కంట్లో భూతద్దం పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా కూర్చున్న అన్నయ్య ఆ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ ఆయన అన్నది అబద్ధమైతే నవ్వేసేవాణ్ణే."

ఆ తర్వాత బ్యాంకు గుమాస్తా ఊరుకోలేదు. బెంచీ మీద కూర్చుని ఆ పాదాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ ఆలోచించినట్టున్నాడు, రిపేరుకిచ్చిన తన వాచీ వెనక్కి పట్టుకుపోయాడు. అతన్ని చూసి మరొకరు. కొట్టు తలుపు ఒక రెక్క మూసే ఉండడం మొదలైంది. అన్నయ్య సెలూనుకి రావడం మానేశాడు. ఇంకొకరి దగ్గరికి వెళ్లడానికి మనసొప్పలేదు. సొంతంగా గీసుకుందామంటే అద్దంలో మొహం కనబడదు. గడ్డం అలా పెరిగింది. కుట్టుమిషనావిడ కథ అల్లిందీ అప్పుడే. కనబడిన ప్రతివాళ్లనీ ఆపి, కత్తి కాదమ్మా, నోరు జారింది, ప్రాస లాక్కుపోయింది అని పిన్ని సర్దిచెప్పుకుంటూ తిరిగింది. రక్తమున్న కథ ముందు ప్రాస ఉన్న కథ ఎవరు వింటారు?

సెలూనులో పద్యం ఆగిపోయింది. బాబాయి మళ్లీ కుర్రతనంలోలాగా మూగమనిషయ్యాడు. బెంచీ మీదివాళ్లు పేపరు చదువుకునేవాళ్లు. తర్వాతెవరు అన్న కేక లేదు, రండి అని అతను మెల్లిగా పిలిచేవాడు. కుర్చీలో మనుషులు మళ్లీ కదలడం మొదలుపెట్టారు. ఒకసారి పాలకొట్టాయనే, నా మీద ఏదో ఒకటి అనవయ్యా, దిక్కులు చూస్తూ కూర్చోలేకపోతున్నా అని అడిగాడు. బాబాయి బుగ్గ మీద కత్తి ఆనించి ఊరుకున్నాడు. కానీ ప్రతి గీతకీ మధ్య, కిటికీలోంచి ఎదురు కొట్టు వైపు చూసేవాడు. తెర సందులోంచి పిన్ని అది చూసేది. ఈ ఇద్దరూ ఇలాగే బిగుసుకుపోతే, రేపు తను ఏ గడపలో నవ్వాలో, ఏ గడపలో ఏడవాలో ఆవిడకి తెలియడం లేదు.

కొట్టు ఎందుకిలా పడుకుందని అన్నయ్య కూతురు ఆరా తీసింది. పిన్ని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ పిల్ల తండ్రి మాట వినే రకం కాదు. మర్నాడే చెయ్యి పట్టుకుని కళ్ల ఆసుపత్రికి లాక్కుపోయింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయని, ముందొకటి, తర్వాత ఇంకొకటి ఆపరేషను చేస్తామని డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని కూడా కోప్పడ్డాడు. చూపు వస్తుందా అని అన్నయ్య ఒక్కటే అడిగాడట. వస్తుందన్నాడట. వాచీలు బాగుచేసేంతా అని మళ్లీ అడిగాడట.

అయితే నర్సు ఒక మాట అంది. ఆపరేషనయ్యాక కంటికి కప్పు పెట్టి బుగ్గ మీద ప్లాస్టరు అంటిస్తాం, ఈ గడ్డం మీద అది నిలవదు, శుభ్రంగా గీయించుకుని రండి అంది.

ఆ సంగతి మేనకోడలు వచ్చి పిన్ని చెవిలో వేసింది. పిన్ని ఆ ఉదయం ఏ పనీ చెయ్యలేదు. తెర ఒక పక్కకి లాగి కట్టేసి, కూరలు ముందేసుకుని, కళ్లు మాత్రం రోడ్డు మీదే పెట్టి కూర్చుంది. పక్క వీధిలో ఇంకో సెలూను ఉంది. అటు తిరిగితే అంతే సంగతులు.

అన్నయ్య కొట్టు గడప దిగాడు. రోడ్డు అంచున ఆగాడు. సైకిళ్లు వెళ్లేదాకా చెవులతోనే చూసినట్టు నిలబడి, నెమ్మదిగా దాటాడు. సెలూను మెట్టు కాలితో వెతుక్కుని లోపలికొచ్చాడు. బెంచీ మీద పాలకొట్టాయన, మాస్టారు పేపర్లు దించారు. కుర్చీలో ఎవరూ లేరు. బాబాయి కుర్చీని రెండుసార్లు తువ్వాలుతో దులిపాడు. అన్నయ్య కూర్చున్నాడు.

ముందు కత్తెరతో గడ్డం పొట్టి చేశాడు. నెరిసిన వెంట్రుకలు ఒళ్లో పడుతుంటే అన్నయ్య వాటిని చేత్తో తడిమి చూసుకున్నాడు. తర్వాత వేడినీళ్ల తువ్వాలు, నురగ, కొత్తగా నూరిన కత్తి. కుడి బుగ్గ మీద పొడుగు గీత. ఎడమ బుగ్గ మీద పొడుగు గీత. పద్యం లేదు. మీసం దగ్గర రెండు పొట్టి గీతలు. కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. దవడ బయటపడింది. గాటు లేదు, మచ్చ లేదు, నున్నగా ఉంది. ఇది కుట్టుమిషనావిడ చూడాల్సింది అనుకుంది పిన్ని.

కత్తి గొంతు మీదికొచ్చింది. పాతరోజుల్లోలాగానే బెంచీ ఊపిరి బిగబట్టింది. కత్తి నెమ్మదిగా నడిచి, చివరంటా వెళ్లి, పైకి లేచింది. ఐదో పాదం పడాల్సిన చోటు అది. అందరూ అన్నయ్య నోటివైపే చూస్తున్నారు.

అన్నయ్య కళ్లు మూసుకునే అడిగాడు. "ఐదో పాదం నాది కదా బావా. ఆ రోజు నువ్వెందుకన్నావు? ప్రాస లాక్కుపోయిందని మా చెల్లెలు చెప్పింది. నీ నోటితో నువ్వు చెప్పు. నిజంగా లాక్కుపోయిందా?"

బాబాయి కత్తి తుడిచి, మడిచి, బల్ల మీద పెట్టాడు. పెళ్లానికేసి ఒకసారి చూశాడు, ఆ తర్వాత అద్దంలో బావకేసి చూశాడు.

"లేదు బావా. ఒక్కణ్ణే పిలిచి చెబితే నవ్వి కొట్టిపారేసి పోతావని, నవ్వడానికి వీల్లేకుండా నలుగురిలో చెప్పాను. ముందు అద్దం పట్టుకున్నాను, తర్వాతే దానికోసం సిద్ధం, యుద్ధం వెతికాను."